మంటకు అడ్డం పెట్టిన చేతులు

సిగరెట్ మానేసిన కొత్తలో ఒకసారి నాగర్‌కర్నూల్ బస్టాండులో లింగాల బస్సు కోసం నిలబడ్డాను. ఈదురుగాలి. పక్కన ముగ్గురు కూలీలు బీడీలు అంటుకోక తంటాలు పడుతున్నారు.

"అన్నా, జర చేతులడ్డం పెట్టు" అన్నాడొకడు.

మా దగ్గర నిప్పుకు చెయ్యి అడ్డం పెట్టమంటే ఎవరూ కాదనరు. పెట్టాను. నా అరచేతుల మధ్య అగ్గిపుల్ల వెలిగింది. మొదటి బీడీ పొగ ముఖానికి కొట్టగానే నోట్లో నీళ్లూరాయి. డాక్టరు చెప్పిన జబ్బుకన్నా నా చేతులంటేనే నాకు ఎక్కువ భయమేసింది.

"నువ్వు గూడ ఒకటి తాగన్నా" అని అతను బీడీ చాపాడు. నా చెయ్యి అప్పుడే ముందుకు కదిలింది.

బెంచీ మీదున్న ముసలాయన చటుక్కున లేచి నా మణికట్టు పట్టుకున్నాడు. "ఆయనకొద్దంట" అన్నాడు వాళ్లతో.

"నీకెట్ల తెలిసింది తాతా?" అని మెల్లగా అడిగాను.

"నేను గూడ ఇడిసిపెట్టిన బిడ్డా. ఏండ్లయింది, భయం పోలె. బస్సొచ్చేదాంక నా చెయ్యి ఇడ్వకు."

అప్పుడు గమనించాను, వణుకుతున్నది నా చెయ్యి ఒక్కటే కాదు.

ఇప్పటికీ ఎక్కడైనా అగ్గిపుల్ల గీసిన చప్పుడు వినిపిస్తే, నా ఎడమ చెయ్యి పోయి కుడి మణికట్టును పట్టుకుంటుంది.