గుడ్ల గంపలో కొడవలి ముక్క

మా ఎదురింటి పెద్దమ్మ పోయింది. ఆ సంగతి వీధిలో అందరికన్నా ఆఖరున తెలిసింది నాకే. పొద్దున్నే గిర్ని వేసుకుని జొన్నలు ఆడిస్తున్నాను. మా పిండి గిర్ని తిరుగుతుంటే పక్కన పిడుగు పడినా వినపడదు. పక్కింటామె వచ్చి ఆపమని చేత్తో సైగ చేసింది. బెల్టు నిలిచాక వినిపించింది, ఎదురింట్లో కోళ్ల అరుపు. బారెడు పొద్దెక్కినా అవి ఇంకా గంప కిందే ఉన్నాయి.

"కోళ్లు ఇడ్సలేదేమబ్బా అని పోయి సూస్తినమ్మే. పండుకున్నది పండుకున్నట్లే ఉంది. సల్లగైపోయింది," అంది పక్కింటామె.

నేను వెళ్లి ముందు గంప లేపాను. కోళ్లు బిలబిలమని బయటికొచ్చి, ఏమీ జరగనట్టు పెంటకుప్ప దారి పట్టాయి. ఆ తర్వాతే లోపలికి పోయి ఆమెను చూశాను. మీకిది కఠినంగా అనిపించవచ్చు. ఆమె బతికుండి ఇంకెవరి ఇంట్లోనైనా ఇలా జరిగితే, ఆమె చెప్పేదీ అదే: ముందు కోళ్లను ఇడువు, ఏడ్సేది ఎట్లా ఉంటాది.

ఎమ్మిగనూరులో మాది మగ్గాల వీధి. ఇప్పుడు మగ్గం ఆడే ఇళ్లు తక్కువే, పేరు మాత్రం మిగిలింది. పెద్దమ్మ మాకు చుట్టం కాదు. కైరుప్పల పక్క పల్లె నుంచి పెళ్లయి ఈ వీధికి వచ్చింది. పెనిమిటి తొందరగానే పోయాడు. పిల్లలు లేరు. ఒళ్లు వంగినన్నాళ్లు పత్తికీ, శెనక్కాయకూ కూలికి పోయింది. ఒళ్లు వంగనన్నాక కోళ్లు పెట్టుకుంది. వీధిలో కొళాయి దగ్గర ఎవరైనా కొట్లాడుకుంటుంటే గుమ్మంలో కూర్చుని శ్రద్ధగా వినేది. అంతా అయ్యాక ఒక మాట వదిలేది. "మా తట్టు ఉగాది అయినాక పిడకలతో కొట్టుకుంటారు. ఒగ పొద్దుతో సరి. మీరు ఏడాదంతా మాటలతో కొట్టుకుంటారు. పిడకలే మేలు గదమ్మా." దాంతో కొట్లాడుకున్న ఇద్దరూ ఒకటై ఆమె మీద పడేవాళ్లు. ఆమెకు కావలసిందీ అదే.

సాయంత్రం గిర్ని కట్టేసే వేళకు మా ఇంటికి వచ్చేది. నూకలు పెట్టమని ఏనాడూ అడగలేదు. చీపురు తీసుకుని గిర్ని అంతా ఊడ్చేది, రాళ్ల సందుల్లో రవ్వ కూడా వదలకుండా. ఊడ్చినదాన్ని చాటలో వేసుకుని, మట్టి చెరిగి, కోడిపిల్లలకు పట్టుకుపోయేది. వద్దు, ఊడ్వకుండానే తీసుకుపో అంటే, "ఊడ్సకుండా తీస్కపోతే అడుక్కున్నట్లయితాది. ఊడ్సి తీస్కపోతే నువ్వే నాకు రుణపడినట్లు," అనేది. మా గిర్ని ఆమె ఉన్నన్నాళ్లు ఉన్నంత శుభ్రంగా మళ్లీ ఉంటుందన్న నమ్మకం నాకు లేదు.

ఆమె చేతి చలవ మంచిదని వీధిలో పేరు. ఏ ఇంట్లో పెట్ట పొదుగుకు వచ్చినా, అంటే గుడ్లు పెట్టడం మాని మూల ముడుచుకుని, దగ్గరికి పోతే ఈకలు నిక్కబొడుచుకుని గుర్రుమంటున్నా, పెద్దమ్మకు కబురు పోవాల్సిందే. గుడ్లు గంపలో పెట్టేది ఆమె చెయ్యే కావాలి. కోళ్లు గూటికి చేరే వేళకు వచ్చేది. మరీ పొడుగువీ, మరీ గుండ్రటివీ, పెంకు గరుకుగా ఉన్నవీ పక్కన పెట్టించేది. గంప అడుగున బూడిద, దాని మీద శెనక్కాయ పొట్టు, పేలు పట్టకుండా నాలుగు వేపాకు రెమ్మలు. గుడ్లు అమర్చాక ఒక పక్కగా ఇనుము దోపేది. ఉరుముకు గుడ్లు అదిరి చెడిపోకుండా గంపలో ఇనుము పెట్టడం మా వైపు అందరికీ ఉన్న అలవాటే. ఎవరింట్లో ఉన్న మేకో, చీలో వాళ్లు పెట్టుకుంటారు. పెద్దమ్మ మాత్రం తన ఇనుమే తెచ్చేది. తాను కూలికి పోయిన కాలం నాటి కొడవలి, కొన విరిగిన ముక్క. చేతులు మారి మారి నున్నగా అయింది.

పిల్లలు లేచిన మర్నాడు మళ్లీ గుమ్మంలోకి వచ్చేది. "పిల్లలు మీయి. నా ఇనుము నాకీండి." అంతే. ఇచ్చిన కాఫీ తాగేది, పెట్టిన బొరుగులు తినేది, ముక్క కొంగున ముడేసుకుని పోయేది. మా వీధిలో ఆ ముక్క పడుకోని గంప లేదు.

మా ఆయన ఒకసారి ఆదోని పోయి, నాటుకోడి గుడ్లని చెప్పి బుట్టెడు తెచ్చాడు. ఎర్రగా నిగనిగలాడుతున్నాయి. ఆయన గొప్పంతా ఇంతా కాదు. పెద్దమ్మ ఒక గుడ్డు తీసుకుని తడి కొంగుతో తుడిచింది. ఎరుపంతా కొంగుకొచ్చింది. ఎవడో ఫారం గుడ్లను టీ నీళ్లలో ముంచి అమ్మాడు. పెద్దమ్మ నవ్వలేదు. "పుంజు మొగం సూడని గుడ్లు నాయనా ఇవి. కూర సెయ్యమను," అని చేతికిచ్చింది. ఆ వారమంతా మా ఇంట్లో గుడ్ల కూరే. ఇప్పటికీ ఆయన ఆదోని బస్సెక్కుతుంటే ఎవరో ఒకరు గుడ్లు తెమ్మని కేకేస్తారు.

గద్దల భయానికి మా వీధిలో కోడిపిల్లలకు రంగు వేస్తారు. నూలు అద్దగా మిగిలిన రంగునీళ్లు ఉంటాయి కదా, వాటిలో ముంచి తీస్తారు. ఒక్కో ఇంటికి ఒక్కో రంగు. గద్ద సంగతి ఏమో గానీ, ఎవరి పిల్లలు ఎవరివో తెలియడానికి పనికొచ్చేది. మావి గులాబీ. పెద్దమ్మ తన పిల్లలకు రంగు వేసేది కాదు. "రంగు లేనియ్యన్నీ నావే," అనేది.

అన్ని గంపలూ ఒకలా ఉండవు. ఒక్కోసారి సగం గుడ్లు మురిగేవి. అప్పుడు ఆమె తనే వచ్చి, మురిగినవి చాటలో వేసుకుని ఊరి బయట పారేసి వచ్చేది. "ఆ పొద్దు నా సెయ్యి బాగలేదేమోలే," అని తప్పు తన మీద వేసుకునేది. ఆ మాటతో ఇంటివాళ్ల కోపం చల్లారేది. కోడికి కూడా నింద తప్పేది.

ఇక్కడ మీకు ఒక సంగతి చెప్పాలి. కోడి పొదగెయ్యడానికి ప్రతి ఇంటికీ కావలసిన ఆ చెయ్యి, అదే ఇంట్లో బిడ్డను తొట్టిలిలో వేసేరోజు పనికొచ్చేది కాదు. పిల్లలు లేని మనిషి, పెనిమిటి లేని మనిషి. పిలవకూడదని ఎవరూ నోటితో అనరు. పిలవరు, అంతే. వీధిలో తొట్టిలి పాట వినపడితే పెద్దమ్మ ఇంటి వెనక కోళ్ల పనేదో పెట్టుకునేది.

ఈ వేసవిలో నా కూతురు కాన్పుకు వచ్చింది. ఆడపిల్ల పుట్టింది. అదే వారంలో మా నల్లపెట్ట పొదుగుకు వచ్చింది. పెద్దమ్మ వచ్చి గిర్ని వెనక కొట్టులో గంప పెట్టించింది. మోతకు గుడ్లు చెడవా అని అడిగితే, "నీ గిర్ని మోతలో పెరిగిన కోడి ఉరుముకేం జడుస్తాది," అంది. పోతూ పోతూ బాలింత గది గడప దగ్గర ఆగింది. లోపలికి తొంగి చూసింది.

"రా పెద్దమ్మా, ఎత్తుకో," అంది నా కూతురు.

"సేతులు కోడి వాసన పాపా. సూస్తిని గదా, సాలు," అని గడప ఇవతల నుంచే వెనక్కి తిరిగింది.

నా కూతురికి ఆ తిరిగిపోవడం మనసులో పడింది. బిడ్డను తొట్టిలిలో పెద్దమ్మే వెయ్యాలని పట్టుబట్టింది. నాకూ అదే న్యాయం అనిపించింది. ఆదోని వియ్యపురాలు ఏమంటుందో అన్న జంకు ఉన్నా, మర్నాడు ఎదురింటికి పోయి పిలిచాను. పెద్దమ్మ జొన్నలు చెరుగుతోంది. చాట ఆపలేదు.

"నా సెయ్యి కోళ్లకు సరిపాయ పాపా. గుడ్డు మురిగితే గుడ్డు పోతాది, అంతే. బిడ్డకు రేపు రోంత జరమొచ్చినా, ఎవరి సెయ్యి పడిందో అని ఎతుకుతారు. నాకెందుకు, నీకెందుకు."

"అననీలే పెద్దమ్మా. అనేవాళ్లు ఎప్పుడూ అంటానే ఉంటారు."

"అనేది నిన్ను గాదు గదా."

నాకు కోపం వచ్చింది, బాధా కలిగింది. తొట్టిలి నాటికి ఎలాగో ఒప్పించుకుందాం అనుకుని తిరిగి వచ్చాను. నల్లపెట్ట ఇంకా గుడ్ల మీద ఉండగానే పెద్దమ్మ పోయింది.

ఆమె చెల్లెలి కొడుకు ఊరి నుంచి వచ్చి చేయాల్సినవన్నీ చేశాడు. మూడోనాడు ఆమె పుంజునే కోసి వండి పెట్టారు. కాకి వచ్చి ముట్టింది. కొందరు ఆ పుంజును చూసి కళ్లొత్తుకున్నారు గానీ, ఆమె ఉంటే తనే కోసేది. మిగతా కోళ్లను అతను గంపతో సహా పట్టుకుపోయాడు.

ఆ సాయంత్రం వీధి చివరి ముసలామె మా గిర్నికి వచ్చి కూర్చుంది. మా వీధిలో శాస్త్రాలన్నీ ఆమె నోట్లోనే ఉంటాయి.

"సచ్చిన మనిషి పెట్టిన గుడ్లు పిల్లలు గావు. దాంట్లోనూ బాలింత ఉన్న ఇల్లు. తీసి పారెయ్యమ్మే, బిడ్డకు మంచిది గాదు."

నాకు నమ్మకాలు తక్కువ, భయాలు ఎక్కువ. పసిబిడ్డ పేరెత్తేసరికి లేచి కొట్టు తలుపు దాకా పోయాను. గదిలోంచి నా కూతురు గొంతు వినిపించింది.

"మ్మా, ఆ గంపను కదిలిస్తే నేను బిడ్డనెత్తుకుని ఇప్పుడే ఆదోనికి పోతా."

తలుపు మూసి వచ్చేశాను. ముసలామె మూతి ముడుచుకుని వెళ్లిపోయింది. ఆ తర్వాత వీధి అంతా మా గంప వైపే చూసింది. పిండికి వచ్చిన ప్రతి మనిషీ "యాడికొచ్చె?" అని అడిగేది, ఏం అడుగుతున్నారో నాకు తెలుసు. గుడ్లు మురిగితే ఆమె చేతి మంచి కూడా ఆమెతో పోయిందంటారు. ఆమె గడప దాకా వచ్చి బిడ్డను చూసిన సంగతి కూడా ఎవరో ఒకరు గుర్తు చేస్తారు. ఒక సాయంత్రం పెద్ద గాలి, ఉరుములు, వాన. కరెంటు పోయింది, గిర్ని ఆగింది. ప్రతి ఉరుముకూ నేను కొట్టు వైపు చూశాను. నల్లపెట్ట మాత్రం కదల్లేదు.

పిల్లలు లేచాయి. రెండు గుడ్లు మురిగాయి, మిగతావన్నీ లేచాయి. రెండు మురగడం లెక్కలోకి రాదని వీధి ఒప్పుకుంది. గంప దులుపుతుంటే పొట్టులోంచి కొడవలి ముక్క బయటపడింది. కడిగి గోడ గూట్లో పెట్టాను. మర్నాడు సాయంత్రం గిర్ని కట్టేశాక, అలవాటు కొద్దీ, గుమ్మం వైపు చూశాను. ఆ పొద్దు ఏడ్చాను. ఈసారి పిల్లలకు మేం రంగు వెయ్యలేదు.

తొట్టిలి రోజు వీధి ఆడవాళ్లంతా వచ్చారు. ఆదోని నుంచి వియ్యపురాలు వచ్చింది. బిడ్డను వేసేముందు గుడ్డ కింద ఇనుము పెట్టడం వాళ్లకూ ఉంది, మాకూ ఉంది.

"వదినా, ఏదన్నా ఇనుప ముక్క ఉంటే ఇయ్యండి," అంది ఆమె.

గిర్ని ఉన్న ఇంట్లో ఇనుముకు కరువా. నేను లేవబోయేలోగా నా కూతురు గూట్లోంచి కొడవలి ముక్క తీసి అత్త చేతికిచ్చింది. ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పి, "బాగుందే, నున్నగుంది. బిడ్డకు గీసుకోదు," అంది.

ఆమెకు తప్ప అక్కడున్న ప్రతి ఆడదానికీ ఆ ముక్క తెలుసు. ప్రతి ఇంటి గంపలోనూ పడుకుని వచ్చిన ముక్క. నేను వీధి చివరి ముసలామె వైపు చూశాను. ఆమె ఆ ముక్కను చూసింది, నన్ను చూసింది. వంగి తొట్టిలిలో గుడ్డ ఒక కొస ఎత్తి పట్టుకుంది. వియ్యపురాలు ఇనుము లోపల పెట్టింది. ముసలామె గుడ్డ సర్ది, మడతలు లేకుండా చేత్తో రాసి, పాట ఎత్తుకుంది.

తొట్టిలి ఇప్పుడు గిర్ని పక్క గదిలో ఊగుతోంది. దాని కింద రంగు లేని కోడిపిల్లలు నూకలు ఏరుకుంటున్నాయి. ఇనుము ఇంకా గుడ్డ కిందే ఉంది. అడగడానికి ఎవరూ రాలేదు.