జనవరి ఒకటిన పుట్టిన షెడ్డు

కరోనా తగ్గిన మరుసటి ఏడాది జూన్‌లో నన్ను సూరత్‌లో ఒక కార్మిక ఆరోగ్య పథకానికి సీనియర్ సిస్టమ్స్ అనలిస్టుగా వేశారు. తెలుగు వచ్చినవాళ్లు కావాలని కంపెనీ వెతికితే వరంగల్ మనిషిని నేనొక్కదాన్నే దొరికాను. ఊరి శివారు పారిశ్రామిక వాడ సచిన్‌లో పవర్‌లూమ్‌లు నడిపేవాళ్లలో ఉత్తర తెలంగాణ వాళ్లు చాలామంది. వాళ్ల వివరాలు వెబ్ ఫారంలో నింపితే ఆరోగ్య కార్డు వస్తుంది. కార్డు ఉంటేనే ఆసుపత్రిలో చికిత్స ఉచితం. ఆ ఫారం బాధ్యత నాది. పదవీ విరమణకు రెండేళ్లే ఉంది, ఒక్క తప్పూ లేని పని చేసి వెళ్లాలని పంతం పట్టాను.

అంతకుముందు పుట్టిన తేదీ గడిలో ఎవరికి తోచింది వాళ్లు రాసేవారు. ఫిబ్రవరి ముప్పై, పదమూడో నెల, ఇంకా రాని సంవత్సరం, అన్నీ డేటాబేస్‌లో ఉన్నాయి. నేను నియమాలు పెట్టాను. రోజు, నెల, ఏడాది ఆ వరుసలోనే ఉండాలి. ఆ తేదీ క్యాలెండర్‌లో ఉండాలి. వయసు పద్దెనిమిదికి తగ్గకూడదు, గడి ఖాళీగా ఉండకూడదు. తెరమీది తనిఖీని దాటుకుని రావడం కష్టం కాదు కాబట్టి సర్వర్‌లో మరోసారి తనిఖీ. ఒకరే రెండు కార్డులు తీసుకోకుండా, పేరు, పుట్టిన తేదీ, సొంత జిల్లా మూడూ కలిస్తే రెండో దరఖాస్తును తిప్పికొట్టమని కూడా రాశాను. మూడు నెలలు ఒక్క చెడ్డ తేదీ రాలేదు. మేనేజరు మెచ్చుకున్నాడు, నేనూ మురిసిపోయాను.

అక్టోబరులో ఆల్థాన్‌లోని మా ఆఫీసుకు రాజేశం అనే మగ్గం కార్మికుడు వచ్చాడు. కంట్లో ఒత్తిడి పెరిగే నీటికాసుల జబ్బు, ఆపరేషన్ త్వరగా చేయాలని డాక్టరు రాసిన చీటీ చేతిలో ఉంది. కార్డు ఇదివరకే ఇచ్చామంటూ ఫారం ఆయన్ను రెండుసార్లు తిప్పికొట్టింది. చూస్తే అదే పేరు, అదే జిల్లా, అదే తేదీతో ఒకరికి కార్డు ఉంది. మళ్లీ ఎందుకు పెట్టారని కాస్త కటువుగానే అడిగాను.

“ఆయన వేరే, నేను వేరే మేడం. ఆయన పక్క షెడ్డుల పని చేస్తడు. పేరు ఒకటైతే మనిషి ఒకడైతడా?”

మరి పుట్టిన తేదీ కూడా ఎలా ఒకటైందన్నాను.

“నా తారీకు నాకేం ఎరుక? జొన్న కోతలప్పుడు పుట్టిన అని మా అమ్మ చెప్పేది. ఫారంల తారీకు మా మాస్టర్ కొట్టిండు.”

మాస్టర్ అంటే షెడ్డులో మగ్గాల మీద అజమాయిషీ చేసే మనిషి. ఆ రెండు షెడ్డుల ఫారాలూ ఆయనే నింపాడు. మర్నాడు సచిన్ వెళ్లి అడిగితే ఏమీ దాచలేదు. “తెల్వదని ఖాళీ ఇడిస్తే ఎర్ర అక్షరాలు వచ్చినయ్ మేడం. మొఖం చూసి పుట్టిన సంవత్సరం అందాజుగ వేసిన, జనవరి ఒకటి కొట్టిన. తీసుకున్నది. అప్పటిసంది తారీకు తెల్వనోళ్లందరికీ గదే.”

తిరిగొచ్చి జాబితా తీస్తే షెడ్డులకు షెడ్డులే జనవరి ఒకటిన పుట్టాయి. ప్రతి తేదీ నా నియమాలన్నిటికీ సరిపోయింది. కంచే చేను మేసింది. నాకు చాలా సిగ్గేసింది.

ఒక్కరి కోసం రికార్డును చేత్తో దిద్దే అధికారం నాకు లేదు, ఫారమే మారాలి. పూర్తి తేదీ, ఏడాది మాత్రమే, సుమారు వయసు, వీటిలో ఏది తెలిస్తే అది ఇచ్చేలా మార్చాను. ఎంతవరకు కచ్చితమో పక్కనే నమోదవుతుంది, తెలియని రోజు ఖాళీగానే ఉంటుంది. వివరాలు కలిసిన దరఖాస్తు తిరిగిపోకుండా, దరఖాస్తుల్లోని ఫొటోలు పోల్చి చూసే ఉద్యోగి దగ్గరికి వెళ్తుంది. ఖాళీ గడులు చూస్తే పైవాళ్లు ఏమంటారోనని మేనేజరు అడ్డం తిరిగాడు. ఆయనతో గట్టిగా వాదించింది ఆ ఒక్కసారే. అనుమతులు వచ్చేసరికి ఆరు వారాలు పట్టింది.

రాజేశానికి కార్డు వచ్చింది, ఆపరేషన్ జరిగింది. కుడికన్ను నిలిచింది. ఆ జబ్బులో పోయిన చూపు తిరిగి రాదు కాబట్టి ఎడమకన్ను పోయినట్టేనన్నారు. తెగిన పోగు సరిగా కనిపించక ఆయన మగ్గం వదిలి బట్ట మడతపెట్టే పనిలో చేరాడు. నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే నాకు కొంత తేలికయ్యేది.

ఒక తేదీ క్యాలెండర్‌లో ఉందా లేదా అన్నది ప్రోగ్రామ్ చెప్పగలదు. ఆ మనిషి పుట్టింది ఆరోజేనా అన్నది చెప్పలేదు. తెలియదని చెప్పడానికి చోటు లేని ఫారం నింపేవాడి చేత అబద్ధం రాయిస్తుంది, ఆ అబద్ధం అన్ని తనిఖీలూ దాటుతుంది. జనవరి ఒకటి అని టైపు చేసింది మాస్టరే. చేయించింది నేను.