గోడ పక్కన స్టూలు

చెన్నైలో ఉంటున్నానని ఊళ్ళో చెప్పుకుంటాను గానీ నేనుండేది పట్నం శివార్లలోని ఆవడిలో, ఒక మేడమీది గదిలో. ఫ్యాక్టరీలో షిఫ్టు పొద్దున ఆరింటికి. తిరుత్తణి నుంచి రోజూ రైల్లో వచ్చి అందుకోవడం అయ్యే పని కాదని నాలుగేళ్ళ కిందట ఈ గది తీసుకున్నాను. పట్నంలో ఒంటరితనమంటూ జనం ఏవేవో పెద్ద మాటలు చెబుతారు. నాకు తెలిసినంతవరకు అది చిన్న విషయం. ఆదివారం మధ్యాహ్నం దాకా నోరు తెరవకుండా ఉండి, కూరగాయల బండివాడు వచ్చినప్పుడు పిలవబోతే గొంతు పెగలదు. అంతే.

దానికి నా మందు మా అక్క. తిరుత్తణి పక్క పల్లెలో ఉంటుంది. సాయంత్రం ఏడింటికి తలుపు గడియ పెట్టి, ఫ్యాను వేసి, ఆమెతో ఫోనులో తెలుగులో మాట్లాడేదాన్ని. మేం మామూలుగా మాట్లాడుకున్నా పోట్లాటలాగే ఉంటుంది. గడియ ఎందుకంటే, అది మా వైపు తెలుగు ఇళ్ళ అలవాటు. ఎన్ని తరాలుగా ఇక్కడున్నా గడప లోపల తెలుగు, గడప దాటితే తమిళం. బళ్ళో వెక్కిరించిన పిల్లల పుణ్యమా అని నాకు ఆ అలవాటు ఇంకాస్త ముదిరింది.

రెండేళ్ళ కిందట పక్క గదిలో ఒక ముసలామె వచ్చి చేరింది. ఒక్కతే. తమిళంలో అవ్వను పిలిచినట్టు ఆమెను పాటీ అనేదాన్ని. మోటారు వేసిన వేళ కొళాయి దగ్గర కలిస్తే నీళ్ళ గురించి, ఎండ గురించి తమిళంలో రెండు ముక్కలు. అంతకు మించి ఆమె గురించి తెలుసుకోవాలని నాకు అనిపించలేదు.

పోయిన ఆడికృత్తిక పండక్కి బావ తిరుత్తణి కొండకు కావడి ఎత్తుతున్నాడు, రమ్మంది అక్క. లీవు దొరకలేదు. "నీకు ఊరూ వద్దు, మేమూ వద్దు. ఆ గదినే కట్టుకోని ఉండు పో" అంది. నాకు ఒళ్ళు మండి ఫోను పెట్టేశాను. ఆమె చెయ్యలేదు, నేనూ చెయ్యలేదు. మొండితనంలో ఒకరికొకరం తీసిపోము. మూడు నెలలు గడిచాయి. సాయంత్రాలు టీవీ పెట్టుకున్నాను. స్టేషను దాకా నడిచి, తిరుత్తణి బండి వెళ్ళేదాకా చూసి వచ్చేదాన్ని. కుక్కరు కూత వేస్తే "వస్తా ఉండా, ఉండవే" అనడం మొదలైంది. అప్పుడు మాత్రం భయం వేసింది.

ఒక ఆదివారం మధ్యాహ్నం ఎవరో తలుపు కొట్టారు. చూస్తే పాటి.

"ఎనుము ఈనిందా లేదా?" అని అడిగింది, తెలుగులో.

నేను బిత్తరపోయాను.

"అదేమ్మా, మీ అక్కోళ్ళ ఎనుము. ఆడి నెల దాటితే ఈనుతాదని అనుకుంటా ఉన్నారు కదా. నువ్వేమో కొట్లాడి ఫోను పెట్టేసినావు."

"మీకు తెలుగొస్తాదా?"

"మాది పాండూరు. ఇంట్లో అంతా తెలుగే. ఆయన పోయినాక మాట్లాడేదానికి ఎవురుండారు?"

"మరి రెండేండ్లుగా ఒక్క మాట చెప్పలేదే!" నాకు కోపమే వచ్చింది.

"చెప్తే నువ్వు గుసగుసలాడ్తావు. ఇంక నాకేం వినిపిస్తాది?"

ఆమె గది తలుపు తెరిచే ఉంది. నా గోడకు ఆనించి ఒక స్టూలు, దాని మీద మడత పెట్టిన దుప్పటి. మూడు నెలలుగా ఏడింటికి అక్కడ కూర్చుని, నా టీవీ విని లేచిపోతోందన్నమాట. సిగ్గేసింది. పంతం పట్టింది నేను, పస్తు ఆమెకూ పడింది.

"తప్పు నీదే. పెద్దది ఒక మాటంటే పడాల. చెయ్ ఫోను" అంది.

చేశాను. అక్క ఎత్తింది.

"ఎనుము ఈనిందా?" అన్నాను.

అవతల ముక్కు ఎగబీల్చిన చప్పుడు. "ఈని రెండు నెల్లాయె. పెయ్య దూడ. ఇప్పుడు గుర్తొచ్చిందా నీకు?"

"నాకు కాదు. అవ్వ అడగతా ఉంది."

"యా అవ్వే?"

ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక స్పీకరు పెట్టాను. ముసలామె అప్పటికే తన స్టూలు తెచ్చి నా గదిలో వేసుకుంటోంది.

"పాలు ఎన్నిస్తా ఉందో అడుగు" అంది.