ఆదివారం వద్దన్న టీచరమ్మ

జీవరత్నమ్మ మేడమ్ ఒక మాట అన్నదంటే వెనక్కి తీసుకునే మనిషి కాదని ఆ హైస్కూల్లో అందరికీ తెలుసు. టెక్కలిలో ఒక మిషన్ ఆసుపత్రి ఆయా కూతురామె. తండ్రి చిన్నప్పుడే పోయాడు. తల్లి డ్యూటీకి వెళితే చర్చి వరండాలో కూర్చుని చదువుకుంది, అక్కడే పాటలు నేర్చుకుంది. డీఎస్సీ రాసి జీవశాస్త్రం టీచరై, ఉద్దానంలో సముద్రానికి దగ్గరగా ఉన్న ఒక ఊరికి వచ్చింది. మిగతా టీచర్లు ఆ ఊరి నీళ్ళు తాగితే కిడ్నీలు పోతాయని భయపడి పలాసలో కాపురాలు పెట్టి బస్సుల మీద వచ్చిపోయేవారు. ఆమె మాత్రం ఊళ్ళోనే ఇల్లు తీసుకుంది. భర్త జయప్రకాష్‌కు నౌపడ స్టేషన్లో ఉద్యోగం. డ్యూటీల మధ్య వస్తూ పోతూ ఉంటాడు.

ఆ ఏడాది టీచర్లు సమ్మె చేశారు. జీవరత్నమ్మ మొదటి రోజు నుంచీ పలాస శిబిరంలో ముందు వరుసలో కూర్చుంది. మైకు పట్టుకుని పాడింది కూడా. సమ్మె నెల దాటింది. చివరికి ప్రభుత్వం కొన్నిటికి ఒప్పుకుంది, కొన్నిటిని కమిటీకి అప్పగించింది. పోయిన పాఠాలను అదనపు గంటలు పెట్టి పూర్తి చేయాలన్నది ఒప్పందంలో ఒక షరతు. చప్పట్ల మధ్య ఆ షరతును ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు.

బడి తెరిచిన రోజు వరండా నిండా మేకల పెంటికలు. పదో తరగతి బోర్డు మీద సమ్మెకు ముందురోజు తేదీ, సగం గీసిన గుండె బొమ్మ అలాగే ఉన్నాయి. జీవరత్నమ్మ ఆ బొమ్మ దగ్గరే మొదలుపెడదామని చూసింది. ఏ గదిలోంచి రక్తం ఏ గదిలోకి పోతుందో ఒక్కరూ చెప్పలేకపోయారు. పిల్లల మొహాలు ఎండకు కమిలిపోయి ఉన్నాయి. నెల రోజులూ కొందరు తోటల్లో కూలికి పోయారు, కొందరు తండ్రుల వెంట వలల దగ్గరికి పోయారు.

సాయంత్రం స్టాఫ్ మీటింగ్ జరిగింది. హెడ్మాస్టరు వైకుంఠరావు నిదానస్తుడు. రిటైర్మెంటుకు దగ్గర పడ్డాడు, ఎవరితోనూ గొడవ పెట్టుకునే ఓపిక లేదు.

"పదో తరగతికి ఆదివారాలు పూర్తి బడి పెట్టీద్దాం. మార్చి దాకా. సిలబస్ అయిపోతాది" అన్నాడు.

జీవరత్నమ్మ వెంటనే లేచింది. "ఆదివారం కుదరదు సార్. నాకు చర్చిలో ఆరాధన ఉంది. నాకొక్కదానికే కాదు, బడిలో మా సంఘం పిల్లలు కూడా ఉన్నారు. పండగ సెలవులు తీసుకోండి, రెండో శనివారాలు తీసుకోండి. ఆదివారం మాత్రం తీసుకోకండి."

ఆమె అడిగినదాంట్లో అన్యాయం లేదు. పైగా మిగతావాళ్ళకూ ఆదివారం ఇంటిపట్టున ఉండడమే ఇష్టం, కాకపోతే ఆ మాట పైకి అనడానికి మొహమాటపడ్డారు. ఆమె అనేసరికి తలా ఒక మాట సాయం చేశారు. వైకుంఠరావు కాసేపు తల గోక్కుని, "అయితే రోజూ సాయంత్రం ఆరింటి దాకా పెడదాం" అన్నాడు. అందరూ సరేనన్నారు. టైంటేబుల్ మారింది.

వారం తిరగకుండానే దిబ్బలపేట ఆడపిల్లలు సాయంత్రం క్లాసులకు రావడం మానేశారు. దిబ్బలపేట బడికి సముద్రం వైపు, జీడితోటలు దాటాక ఇసుక దిబ్బల మీద ఉన్న చిన్న పేట. అక్కణ్ణుంచి ఐదుగురు ఆడపిల్లలు పదో తరగతికి వస్తారు. నాలుగు గంటల బెల్లు కొట్టగానే సంచులు తగిలించుకుని పోతున్నారు. వాళ్ళలో శ్రావణి అనే పిల్ల తెలివైనది. ఆ పిల్ల కూడా పోయేసరికి జీవరత్నమ్మకు ఒళ్ళు మండింది. స్కూటీ వేసుకుని పేటకు బయలుదేరింది. ఇసుకలో బండి కదలకపోతే దాన్ని తోట అంచునే వదిలేసి నడిచింది.

శ్రావణి తల్లి సింహాచలమ్మ ఇంటి ముందు కొబ్బరాకులు అల్లుతూ ఉంది. టీచరు వచ్చిందని లేచి పీట వేసింది.

"ఏటమ్మా సింహాచలమ్మా, పిల్లని సాయంత్రం ఉంచకపోతే ఎలాగ? పరీక్షలు మీద పడుతున్నాయి. చదువు కావాలా వద్దా?"

సింహాచలమ్మ గొంతు పెంచలేదు. "సదువు కావాలి మేడం. గాని ఆరింటికి ఒదిలితే తోటలోకి వొచ్చీసరికి సీకటి పడిపోతాది. ఎలుగుబంట్లు తిరుగుతున్నాయి. మా మరిది మొగం మీరు సూసినారా?"

చూడలేదని జీవరత్నమ్మ తల ఊపింది.

"నిరుడు జీడిపిక్కలేరడానికెల్లి దాని కంట పడ్డాడు. ఇప్పుడు కంచం కూడా తడుముకుంతాడు. బళ్ళు మూసినోలు మీరు. పిల్లాగుంటలు ఇళ్ళకాడే ఉన్నారు. ఇప్పుడు తెరిసి సీకట్లో రమ్మంతారు. మేమేటి సెయ్యాల?"

జీవరత్నమ్మ పిల్లల్ని ఇంటికి చేర్చే ఏర్పాటు ఏదో ఒకటి చేస్తానని చెప్పి వచ్చేసింది. మర్నాడు వైకుంఠరావుతో మాట్లాడితే ఆయన తన మామూలు పద్ధతిలో, "ఐదుగురి కోసం టైంటేబుల్ మారిస్తే రేపు ప్రతి పేటా వస్తాది మేడమ్" అన్నాడు. ఆటో పెడదామంటే ఇసుకలో ఆటో నడవదు. తోటి టీచర్లు ఆరింటికి బస్సు పట్టుకోవాలన్న తొందరలో ఉన్నారు. సరే, నేనే దిగబెడతానని పిల్లల్ని ఆరింటి దాకా ఉంచి, ఆమె ఆ సాయంత్రం వాళ్ళ వెంట బయలుదేరింది.

జనవరి నెల. పొద్దు తొందరగా వాలిపోతోంది. పూత మీద ఉన్న జీడిచెట్ల వాసన తోటంతా పట్టేసింది. పిల్లలు ఒకరి వెనక ఒకరు నడుస్తూ, ఉండుండి స్టీలు క్యారేజీల మీద స్పూన్లతో కొడుతున్నారు. ఎందుకని అడిగితే, "సప్పుడైతే అది పక్కకెల్లిపోతాది మేడం" అంది శ్రావణి. జీవరత్నమ్మ సెల్‌ఫోన్ లైటు వేసింది. ఆ వెలుతురులో తన కాళ్ళు తప్ప ఏమీ కనిపించలేదు.

తోట మధ్యకు వచ్చేసరికి ముందున్న పిల్ల ఆగిపోయింది. దారికి అడ్డంగా, రాయి విసిరితే తగిలేంత దూరంలో, నల్లటి ముద్ద ఒకటి ఇసుకను కెలుకుతోంది. దాని పక్కన ఇంకో రెండు చిన్న ముద్దలు. తల్లి ఎలుగు, దాని కూనలు. జీవరత్నమ్మకు పైప్రాణాలు పైనే పోయాయి. చిన్నప్పటి నుంచి నోటికి వచ్చిన కీర్తనల్లో ఒక్కటీ గుర్తు రాలేదు.

పిల్లలు ఆమె చుట్టూ గుంపుగా చేరారు. ఐదుగురూ ఒక్కసారిగా క్యారేజీలు మోగించారు. ఎలుగు తలెత్తి, ముక్కు గాల్లో తిప్పి, బరువుగా ఒక శబ్దం చేసింది. తర్వాత ఏమనుకుందో ఏమో, కూనల్ని ముందు తోలుకుని ఎడమ వైపు చెట్లలోకి పోయింది. ఐదుగురిలో ఒకమ్మాయి నిశ్శబ్దంగా ఏడుస్తోంది. మిగతావాళ్ళు ఆ పిల్ల చెయ్యి పట్టుకుని నడిపించారు.

పేట చేరాక చూసుకుంటే జీవరత్నమ్మ కాలికి ఒక చెప్పు లేదు. సింహాచలమ్మ నీళ్ళు ఇచ్చింది, టీ పెట్టింది. జరిగింది విని గిన్నెలు సర్దుకుంది. ఆమె ఒక మాట తిట్టి ఉంటే బాగుండుననిపించింది జీవరత్నమ్మకు. గ్లాసు కింద పెట్టి తనే చెప్పింది.

"ముందు ఆదివారం బడి పెడదామన్నారు. వద్దన్నది నేను. నా వల్లే సాయంత్రాలకు మారింది."

సింహాచలమ్మ ఖాళీ గ్లాసు తీసుకుంది. "మీకు గుడుంతాది గదా" అంది. "ఆదోరం మా గుంటలకీ తోటపనుంతాది. ఐనా పగలైతే పంపుతాం మేడం."

ఆ రాత్రి ఆమె అక్కడే, సింహాచలమ్మ పక్కన చాప మీద పడుకుంది. తెల్లవారాక, పొద్దు బాగా ఎక్కాక పిల్లలతో కలిసి బడికి వచ్చింది. సింహాచలమ్మ చెప్పులు ఆమెకు కొంచెం పెద్దవయ్యాయి.

మీటింగ్ పెట్టమని వైకుంఠరావును అడిగింది. అందరి ముందూ నిలబడి, సాయంత్రం గంటలు తీసేసి ఆదివారం పగలు పెట్టండి అంది.

"ఆదివారం కుదరదన్నది మీరే కదా మేడమ్?"

"నేనే అన్నాను సార్. తప్పు అన్నాను. మార్చండి."

కొందరు టీచర్లకు కోపం వచ్చింది. మీ మాట మీద మేము నిలబడితే మీరే జారుకుంటారా అని ఒకరు ముఖం మీదే అడిగారు. ఆమె తోటలో చూసింది చెప్పింది. ఎక్కువ తక్కువలు లేకుండా, పాఠం చెప్పినట్టు చెప్పింది. అయినా ఇద్దరు ముగ్గురు ఆ ఏడాదంతా ఆమెతో సరిగా మాట్లాడలేదు. టైంటేబుల్ మాత్రం మళ్ళీ మారింది. చర్చికి వెళ్ళే పిల్లలకు మొదటి గంట మినహాయింపు ఇచ్చారు. టీచర్లకు మినహాయింపు లేదు.

బడికి దగ్గర్లోనే ఉన్న ఆమె చర్చిలో పాస్టరు జెకర్యా అయ్యగారు పెద్దాయన. ఆమె వెళ్ళి ఆయనకు విషయం చెప్పింది.

"ఆరాధన వేళ మార్చమంటావేటమ్మా?"

"వద్దయ్యగారూ. దూరం నుంచి వచ్చేవాళ్ళున్నారు. నేనే రాలేను."

"పాట ఎవరెత్తుకుంటారు మరి?"

ఇరవయ్యేళ్ళుగా ఆ సంఘంలో పాట ఎత్తుకునేది జీవరత్నమ్మే. జెస్సీ అనే ఇంటర్ పిల్ల పేరు ఆమే చెప్పింది. ఆ పిల్ల మొదటి ఆదివారం భయపడుతూ పాడిందట, నాలుగో ఆదివారానికి కీబోర్డు కూడా తెప్పించిందట. బడిలో కిరణజన్య సంయోగక్రియ చెబుతుంటే గాలివాటున అప్పుడప్పుడు ఆ పాట వినిపించేది. శ్రుతి బాగుంది. జీవరత్నమ్మ సుద్దముక్క పట్టుకుని ఒక్క క్షణం ఆగి, మళ్ళీ బోర్డు వైపు తిరిగేది. పరీక్షలయ్యాక చర్చికి వెళితే జెస్సీ లేచి చోటు ఇవ్వబోయింది. "నువ్వే పాడమ్మా, బాగా పాడుతున్నావు" అని ఆడవాళ్ళ వరసలో గోడ పక్కన కూర్చుంది. ఆ మాట మనస్ఫూర్తిగానే అన్నది. అయినా ఇంటికి వచ్చాక ఆ రోజు వంట చేయబుద్ధి కాలేదు.

దిబ్బలపేట పిల్లల్లో నలుగురు పాసయ్యారు. తోటలో ఏడ్చిన పిల్ల లెక్కల్లో తప్పింది. సప్లిమెంటరీ రాయమంటే రాయలేదు. పలాసలో ఒక జీడి ఫ్యాక్టరీలో పొట్టు తీసే పనికి కుదిరింది. జీవరత్నమ్మ రెండుసార్లు వెళ్ళి అడిగింది. రెండోసారి ఆ పిల్ల నవ్వి, "ఇక్కడ లైట్లుంటాయి మేడం, బస్సుంటాది" అంది. శ్రావణి ఇంటర్‌లో చేరింది.

ఎండాకాలంలో టెక్కలిలో టీచర్ల సంఘం మహాసభ జరిగింది. మిగిలిన డిమాండ్ల కోసం మళ్ళీ సమ్మెకు పోవాలని తీర్మానం పెట్టారు. జీవరత్నమ్మ దాన్ని బలపరుస్తూ చెయ్యి ఎత్తింది, ఆపైన మాట్లాడతానని లేచింది. సమ్మెకు దిగేముందే, తర్వాత పాఠాలు ఏ వేళల్లో చెబుతామో పిల్లల తల్లిదండ్రులను కూర్చోబెట్టి అడగాలంది. వేదిక మీద ఎవరో నవ్వారు. అధ్యక్షుడు, "మంచి సూచన మేడమ్, తర్వాత చర్చిద్దాం" అన్నాడు.

"ఇప్పుడే చర్చిద్దాం సార్" అని ఆమె నిలబడే ఉంది.

భోజనాల వేళ దాటిపోతోందని వెనక గొణుగుడు మొదలైంది. చివరికి అధ్యక్షుడు మైకు ఆమె చేతికి అందించాడు.