వెనక్కి పిలవని వ్యాను

కెనడాలోని సార్నియాలో నా కోర్సు పూర్తయిన ఏడాది, కాన్వొకేషన్‌కి వచ్చిన అమ్మను క్రూయిజ్ ఎక్కించాను. హాలిఫాక్స్‌లో ఓడ ఆగేది నాలుగు గంటలే. అక్కడి లైట్‌హౌస్ చూడాలని అమ్మ కోరిక. ఓడవాళ్ల టూర్ ఖరీదెక్కువని, రేవులో వ్యాను మాట్లాడుకుందామని వారం ముందే ప్లాన్ వేశాను. తెనాలిలో మా బట్టల కొట్లోనే పెరిగినవాణ్ణి, బేరం నాకొకరు నేర్పాలా?

డ్రైవర్ చెప్పిన రేటులో సగానికి అడిగాను. నవ్వి, కుదరదన్నాడు. "పదమ్మా, పోదాం" అన్నాను, ఆయనకి తెలుగు రాదన్నది మరిచిపోయి.

"వెనక్కి చూడకురా, అలుసైపోతాం. వాడే పిలుస్తాడు" అంది అమ్మ నా చెవిలో.

పది అడుగులు వేశాం. ఇరవై వేశాం. పిలుపు లేదు.

"గట్టివాడేరా!" అంది అమ్మ.

ఆగలేక తిరిగి చూస్తే, వ్యాను వేరేవాళ్లతో నిండిపోయి కదులుతోంది. డ్రైవర్ మర్యాదగా చెయ్యి ఊపాడు. ఇంకో వ్యాను దొరకలేదు. పాపం, అమ్మ ఆ లైట్‌హౌస్‌ని రేవులో అమ్మే, ఫ్రిజ్‌కి అంటించే బొమ్మ మీదే చూసింది. నాకు తల కొట్టేసినట్టయింది. మా కొట్లో మేం వెనక్కి పిలిచేవాళ్లం కాబట్టి, లోకమంతా పిలుస్తుందనుకున్నాను.

తర్వాతి రేవులో అమ్మ ముందుగా వ్యానెక్కి, సీటు బెల్టు పెట్టుకుని, అప్పుడంది: "ఇక అడగరా రేటు!"