రెండు పుట్టిన తేదీలు

1956లో రాష్ట్రాలు కలిసిన తరువాత మా నిజామాబాద్ బడిలో పాత ఉర్దూ రిజిష్టర్లను తిరగరాసే పని నాకు అప్పగించారు. నేను అప్పుడు ఆ బడిలో గుమాస్తాను. ఉర్దూ బాగా వచ్చు, చేతిరాత కుదురుగా ఉండేది. పాత రిజిష్టర్లలో పిల్లల పుట్టిన తేదీలన్నీ నిజాం కాలపు ఫసలీ లెక్కలో ఉండేవి. ఫసలీ సంవత్సరానికి ఐదువందల తొంభై కలిపితే ఇంగ్లీషు సంవత్సరం వస్తుందని మా పెద్ద గుమాస్తా చెప్పాడు. నేను అలాగే కలుపుకుంటూ పోయాను. పని అనుకున్నదానికంటే ముందే ముగిసింది. హెడ్మాస్టరు అందరి ముందు మెచ్చుకున్నాడు. ఆ మెప్పు కూడా డైరీలో రాసుకున్నాను.

మా బడిలో చదివి నర్సు అయిన ఒకామె బోధన్ వైపు చర్చి దవాఖానాలో పనిచేసేది. మా రెండు కుటుంబాలదీ ఒకే చర్చి. నన్ను అన్నా అని పిలిచేది. చెరకు నరికే రోజుల్లో ఆ దవాఖానా వరండా అంతా కొడవలి గాయాల కూలీలే. సరిహద్దు అవతలి నుంచి వచ్చినవాళ్లతో మరాఠీలో మాట్లాడుతూ, కసురుతూ, కట్లు కట్టేది.

కొన్నేళ్లకు అక్కడికి ఒక విదేశీ ముసలామె వచ్చింది. జీతం లేకుండా పరాయి దేశాల్లో సేవ చేసేవారిని పంపే సంస్థ ఒకటి ఆమెను పంపింది. ఇరవై రెండేళ్ల వయసులో ఒకసారి, పిల్లలు పెద్దవాళ్లయ్యాక ఒకసారి, ఉద్యోగం నుంచి దిగిపోయాక ఇప్పుడు మూడోసారి ఇలా వచ్చానని చెప్పిందట. ఆ మాట మా నర్సు మనసులో నాటుకుంది. అలాంటి సంస్థే మరొకటి మన దేశం నుంచి ఆఫ్రికా దవాఖానాలకు నర్సులను తీసుకుంటోందని తెలుసుకుని, ఒక ఆదివారం ఆరాధన అయ్యాక దరఖాస్తు పట్టుకుని నా దగ్గరికి వచ్చింది.

"గామె మూడుసార్లు పోయింది. నేను ఒక్కసారన్న పోవద్దా అన్నా?"

పక్కనే ఉన్న వాళ్ల అక్క ఊరుకోలేదు. "మన తాన జరాలు ఒడిసినయా, సముద్రం దాటి సూదులెయ్యవోతున్నవ్?" అన్నది. ఆమె నవ్వుతూ దరఖాస్తు నా చేతిలో పెట్టింది.

ఆ సంస్థ నియమం ప్రకారం ముప్పై ఏళ్లు నిండి ఉండకూడదు. ఆమె తన లెక్క ప్రకారం ఇరవై తొమ్మిదే నిండాయన్నది. నేను ఆమె మాట మీద ఏళ్లు లెక్కపెట్టకుండానే, రిజిష్టరు చూసి, తేదీ ఎక్కించి, సర్టిఫికెట్టు తయారుచేసి, దరఖాస్తు నింపి పంపాను. చెరకు గానుగ ముగిసే వేళకు జవాబు వచ్చింది. వయసు దాటిందని రాశారు.

వాళ్ల అవ్వ, అంటే కన్నతల్లి, మాత్రం బిడ్డ పుట్టింది చర్చికి గంట కట్టిన సంవత్సరమేనని, కాగితంలో సంవత్సరం తప్పు పడిందని గట్టిగా చెప్పింది. కాగితం తప్పు చెప్పదని, అవ్వకే మతి తప్పిందని మా నర్సు ఆమెను కసిరింది. నేను అక్కడే కూర్చుని ఉన్నాను. రిజిష్టరులో ఉన్నదే నిజమని నేనూ అన్నాను. ఆ తరువాత కొద్ది కాలానికి అవ్వ చనిపోయింది.

మరి కొన్నేళ్లకు చర్చి పాత పుస్తకాలను సర్దుతుంటే, గంట కట్టిన సంవత్సరపు పేజీలో ఆ నర్సు బాప్తిస్మం కనబడింది. పుట్టిన తేదీ ఇంగ్లీషు లెక్కలో ఉంది. నా రిజిష్టరులో ఉన్నదానికి సరిగ్గా ఒక సంవత్సరం తరువాతి తేదీ. ఇంటికి వచ్చి కాగితం మీద లెక్క వేసుకున్నాను. ఫసలీ సంవత్సరం అక్టోబరులో మొదలయ్యేది. కాబట్టి జనవరి నుంచి అక్టోబరు లోపు పుట్టినవారికి ఐదువందల తొంభై ఒకటి కలపాలి. ఆమె ఏప్రిల్‌లో పుట్టింది. అవ్వ చెప్పిందే నిజం. ఆ రోజు డైరీలో వాన పడిందని, చెరకు బండ్లు రాలేదని రాశాను. ఇంకేమీ రాయలేదు. ఆమెకూ చెప్పలేదు.

డెబ్బైల మొదట్లో, ఆఫ్రికాకు నర్సులను పంపే ఆ సంస్థ వయసు నియమం ఎత్తివేసింది. పెద్ద వయసువారినీ తీసుకుంటామని రాశారు. నలభై దాటిన ఆమె మళ్లీ నా దగ్గరికే వచ్చింది. తల సగం నెరిసింది, కానీ మాటలో మొదటిసారి ఉన్న తొందరే ఉంది. ఈసారి సరైన తేదీ వేస్తే పాత తప్పు దానంతట అదే చెరిగిపోతుందని అనుకున్నాను. బాప్తిస్మం పుస్తకం నుంచి తేదీ ఎక్కించాను. ఎందుకు మారిందో ఆమెకు చెప్పకుండా సంతకం పెట్టించుకున్నాను.

జవాబు పట్టుకుని ఆమె బోధన్ నుంచి బస్సులో వచ్చింది. పాత దరఖాస్తు వాళ్ల దగ్గర భద్రంగా ఉందట. ఒక మనిషికి రెండు పుట్టిన తేదీలు ఉంటే కాగితాలను నమ్మలేమని, ఇకపై ఈ దరఖాస్తును పరిశీలించబోమని రాశారు.

"నేను రెండుసార్లు పుట్టిన్నా అన్నా?" అని అడిగింది.

అప్పుడు చెప్పాను. ఫసలీ లెక్క, ఐదువందల తొంభై, చర్చి పుస్తకం, అది చూసి కూడా ఇన్నేళ్లు నోరు మెదపకపోవడం, అన్నీ చెప్పాను. తప్పు నాదేనని ఆ సంస్థకు ఉత్తరం రాస్తానన్నాను.

"వద్దు తియ్. నువ్వు రాస్తే ఇంకో తారీఖు పుడ్తది" అన్నది. ఉత్తరాన్ని బల్ల మీద పెట్టింది. "ఆఫ్రికా పోతె పాయె. అవ్వను మతి తప్పిందన్న. గది నువ్వు ఇన్నవ్. నిజం తెలిసినంక గూడ ఊకున్నవ్."



ఆమె అలమరలో వరసగా పెట్టిన నా డైరీల వైపు చూసింది. మొదటి దరఖాస్తు పంపిన రోజు ఏం రాశానో చదవమన్నది. ఆ సంవత్సరపు డైరీ తీశాను. పేజీ వెతకడానికి ఎక్కువసేపు పట్టలేదు.

"దరఖాస్తు నింపి టపాలో వేశాను. రెండుసార్లు సరిచూశాను. తప్పులు లేవు."

"మల్లొక్కసారి సదువు" అన్నది.

చదివాను. ఆమె ఉత్తరాన్ని మడిచి సంచిలో పెట్టుకుని, సాయంత్రం డ్యూటీ ఉందని, ఆలస్యమైతే బస్సు దొరకదని లేచింది. గుమ్మం దాకా వెళ్లాను. పోయొస్తనని ఎప్పుడూ చెప్పే మనిషి, ఆ రోజు చెప్పలేదు.