లస్కరు గారు అడిగిన రెండడుగులు

మా లస్కరు గారు మొన్న మంగళవారం పొద్దున్న పోయారు. కబురు ముందు మా వీధిలోని అపార్ట్‌మెంట్ వాళ్ళకి తెలిసింది. వాళ్ళ వాచ్‌మన్ వచ్చి చెబితే మాకు తెలిసింది. నలభై ఏళ్ళుగా ఆయనున్న వీధిలోనే ఉన్న నాకు ఇది కాస్త చురుక్కుమంది. తరవాత ఆలోచిస్తే న్యాయమే అనిపించింది. ఎందుకో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

రాజమండ్రి శివార్లలో వరిచేలు పూడ్చి మా ఉద్యోగుల కాలనీ వేసినప్పుడు మొదట ఇళ్ళు కట్టుకున్న పదిమందిలో మేమూ, లస్కరు గారి వాళ్ళూ ఉన్నాం. మేమంతా కుర్చీల్లో కూర్చుని పనిచేసేవాళ్ళం. నేను కోర్టులో టైపిస్టుని, మావారు బ్యాంకులో గుమాస్తా. లస్కరు గారొక్కరే కాలువల మీద పనిచేసిన మనిషి. లాకుల దగ్గర తలుపులు ఎత్తడం, దించడం, పైవాళ్ళు చెప్పినంత నీరు వదలడం, అదీ లస్కరు ఉద్యోగం. వీధి చివర అందరికన్నా పల్లంలో ఉన్న చిన్న స్థలం ఆయనది. పల్లమని తెలిసే తీసుకున్నారట. "ఎవరో ఒకరు తీసుకోవాలి కదండి" అనేవారు.

మనిషితో మాట్లాడుతూ నేల వంక చూడడం ఆయనకు అలవాటు. మొదట్లో సిగ్గనుకున్నాను. కాదు, వాలు చూస్తున్నారు. మా గృహప్రవేశానికి వచ్చి, మంచినీళ్ళు తాగి, గ్లాసులో మిగిలిన నాలుగు చుక్కలు వంటింటి గచ్చు మీద ఒంపారు. నీళ్ళు మెల్లగా ఒక మూలకి పాకాయి. "ఈశాన్యానికి వాలిందండి" అన్నారు. మావారు ఉబ్బిపోయి, "అయితే వాస్తు బ్రహ్మాండం అన్నమాట!" అన్నారు. "వాస్తు సంగతి నాకు తెలీదండి. గచ్చు వేసిన రోజు మీ మేస్త్రి తాగున్నాడు" అన్నారు లస్కరు గారు. మావారు ఆ మాట చెప్పుకుని పదేళ్ళు నవ్వారు.

ఏటా ఎండాకాలం చివర్లో ఓ పొద్దున్న సైకిల్ మీద వీధి ఈ చివరి నుంచి ఆ చివరికి వెళ్తూ, "కాలువలు వదిలారండీ" అని ప్రతి గుమ్మం దగ్గరా చెప్పేవారు. మాలో ఒక్కరికీ సెంటు పొలం లేదు. అయినా ఆ మాట వింటే ఎవరో చుట్టాలు దిగినంత సంబరంగా ఉండేది. అప్పట్లో మా వెనక ఇంకా చేలే. సాయంత్రమైతే కప్పల గోలకి రేడియో వినపడేది కాదు. వానొస్తే వీధిలోకి కొర్రమీనులు ఎదురెక్కేవి. మేమంతా తలుపులు వేసుకునే వేళకి ఆయన గొడుగూ పారా పట్టుకుని బయల్దేరేవారు, వీధి కాలవల్లో ఆకూ అలమూ తియ్యడానికి. ఎవరూ తియ్యమని అడగలేదు. తీసినందుకు ఎవరమూ ఏమీ అనలేదు కూడా.

ఆ తరవాత చేలు పోయాయి, ఊరు మమ్మల్ని దాటి వెళ్ళిపోయింది. కొన్నేళ్ళ క్రితం మా వీధి పడమటి వైపు మూడిళ్ళ వాళ్ళు కలిసి, ఇళ్ళు పడగొట్టి అపార్ట్‌మెంట్ కట్టమని ఒక బిల్డరుకి ఇచ్చేశారు. ఐదంతస్తులన్నారు. కాలనీ అట్టుడికిపోయింది. అసోసియేషన్ గదిలో వారానికో మీటింగు, దానికి సెక్రటరీని నేను.

"మా డాబా మీద ఎండ పడదండి. వడియాలు ఎక్కడ పెట్టుకోవాలి?" అని ఒకావిడ.

"వడియాలు సరే, అన్ని కార్లు ఎక్కడ పెడతారు?" అని ఇంకొకాయన.

"ఎవరెవరో వస్తారు" అన్నది మాత్రం అందరి మాటా.

ఇల్లిచ్చిన ముగ్గురిలో ఒకాయన లేచి, "నాకు ఇద్దరు పిల్లలండి. ఇంటికి మధ్యలో గోడ కట్టి పంచమంటారా? చెరో ఫ్లాటూ వస్తుందని ఇచ్చాను. నేనేం తప్పు చేశానండి?" అన్నాడు. అన్నది నిజమే. ఒక్కరం కూడా అతని వైపు చూడలేదు. ఆ రోజు నేనూ చూడలేదు.

లస్కరు గారు ఒక్కసారే నోరు విప్పారు. "ఆ మూడు స్థలాల్లోంచి పాత బోదె కాలవ ఉండేదండి. చేల నీళ్ళన్నీ దాంట్లోంచే మురుగు కాలవలోకి పోయేవి. ఇప్పుడూ మన వీధి వాన నీళ్ళకి అదే దారి. వాళ్ళు ఎన్ని అంతస్తులైనా వేసుకోనివ్వండి. గోడ కట్టేటప్పుడు ఆ బోదెకి రెండడుగులు వదలమనండి చాలు."

"ఇంకా చేలున్నాయేంటండి, బోదెకి?" అని ఎవరో అన్నారు. అందరూ నవ్వారు. నేను పుస్తకంలో రాసుకున్నాను.

రాసుకున్నాను గాని, మున్సిపల్ కమిషనర్‌కి కాలనీ తరఫున నేను రాసిన పిటిషన్‌లో పెట్టలేదు. కోర్టులో ఉద్యోగమంతా ఇంకొకళ్ళ అర్జీలు టైపు చేసిన దాన్ని. మొదటిసారి నా సొంత అర్జీ. గాలి, వెలుతురు, రద్దీ, ప్రశాంతత అంటూ పేరాలు బ్రహ్మాండంగా నడుస్తుంటే, చివర్న రెండడుగుల బోదె అంటే కమిషనర్ ఆఫీసులో నవ్వుతారనిపించింది. తీసేశాను. ఇంటింటికీ తిరిగి సంతకాలు పెట్టించాను. లస్కరు గారు కాగితాన్ని చేతికందినంత దూరం పట్టుకుని చాలాసేపు నిలబడ్డారు. ఆయనకి చదువు అంతంతమాత్రమని మా అందరి లెక్క. కూడబలుక్కుంటున్నారనుకుని, "ఇక్కడండీ సంతకం" అని తొందరపెట్టాను. పెట్టారు.

మేము గెలిచాం. అంటే ఒక అంతస్తు తగ్గించారు. మిఠాయిలు పంచుకున్నాం. అపార్ట్‌మెంట్ లేచింది, దాని ప్రహరీ గోడ పాత బోదె మీదుగా ఎక్కడా సందు లేకుండా లేచింది. ఫ్లాట్లలోకి జనం దిగారు. వాళ్ళతో మేము మాట్లాడలేదు. మా గేట్లకి "ఇక్కడ బళ్ళు పెట్టరాదు" అని బోర్డులు మాత్రం తగిలించాం.

ఆ ఏడు తుఫానుకి రెండు రోజులు ఆగకుండా కురిసింది. వెనకటి వానలకి గంటలో పోయే నీళ్ళు ఈసారి కదల్లేదు. మా మెట్ల దాకా వచ్చాయి. పల్లంలో ఉన్న లస్కరు గారింట్లో మోకాలి లోతు. వాళ్ళావిడ మంచం మీద బియ్యం బస్తా పక్కన కాళ్ళు ముడుచుకుని కూర్చుంది. మేము మున్సిపాలిటీ పంపు కోసం ఫోన్ల మీద ఫోన్లు చేస్తున్నాం. ఆయన గునపం భుజాన వేసుకుని నీళ్ళలో నడుచుకుంటూ అపార్ట్‌మెంట్ గేటు దగ్గరికి వెళ్ళారు. బాల్కనీల్లోకి జనం వచ్చారు. కొట్లాటకి వచ్చాడనుకున్నారట.

"బాబూ, మీ గోడకి అడుగున నాలుగిటుకలు తియ్యనివ్వండి. వాన తగ్గాక మళ్ళీ నేనే పెట్టేస్తాను" అన్నారు.

ఒక కుర్రాడు లుంగీ ఎగ్గట్టి దిగొచ్చి, "మీరు చోటు చూపించండి తాతగారూ" అని గునపం అందుకున్నాడు. ఆయన చూపించిన చోటే కొట్టాడు. ఇటుకలు ఊడగానే నీళ్ళు సుళ్ళు తిరుగుతూ అవతలికి పోయాయి. అపార్ట్‌మెంట్ వెనక వైపు ఉన్నది గోడ కాదు, కంచె; అది దాటితే మురుగు కాలువే. మధ్యాహ్నానికి వీధిలో తారు కనపడింది. ఫ్లాట్ల వాళ్ళు ఆయన్ని లోపల కూర్చోబెట్టి టీ ఇచ్చారు, వాళ్ళావిడకి భోజనం పంపారు. ఆ ఇటుకలు మళ్ళీ పెట్టనివ్వలేదు, అక్కడ ఇనప గ్రిల్ బిగించారు. ఆ రోజు నుంచి ఆయన వాళ్ళ మనిషి కూడా. నేను మా వరండాలోంచి ఇదంతా చూశాను. వెళ్ళి నిలబడడానికి నాకు మొహం చెల్లలేదు.

ఆ సంగతి ఏళ్ళ తరబడి నాలోనే పెట్టుకున్నాను. క్రిందటి నెల ఆయన మంచాన పడ్డారని తెలిసి, ఇక ఆగితే లాభం లేదని వెళ్ళాను. కూతురు కొవ్వూరు నుంచి వచ్చి ఉంది, నాకు కుర్చీ వేసింది.

"మీకొక మాట చెప్పాలండి. అప్పటి పిటిషన్‌లో మీ బోదె సంగతి నేను రాయలేదు."

"ఆయ్. తెలుసండి."

"ఎలా తెలుసు?"

"చదివాను కదండి. చదవకుండా సంతకం పెడతానా ఏంటి?"

"మరి చదివి కూడా ఎందుకు పెట్టారండీ?"

"మీరంతా ఎండ పోతుందని బెంగపడ్డారు. అదీ నిజమే కదమ్మా. నా మాట లేదని మీ మాటకి సంతకం మానేస్తానా?"

నేను ఏడ్చాను. ఈ వయసులో ఇంకొకళ్ళింట్లో కూర్చుని అలా ఏడుస్తానని అనుకోలేదు. ఆయన కంగారుపడి, "ఊరుకోండమ్మా, నీళ్ళు పోయాయిగా" అన్నారు. తరవాత, అన్నం తిన్నారా అని అడిగారు.

మంగళవారం పాడె మోసిన నలుగురిలో ఇద్దరు మా కాలనీ వాళ్ళు, ఇద్దరు ఫ్లాట్ల వాళ్ళు. ముందు మోసింది ఆ గునపం అందుకున్న కుర్రాడే. వీధి పొడవునా పేలాలూ బంతిపూలూ చల్లుకుంటూ తీసుకెళ్ళారు. గేటు దగ్గర నిలబడి దణ్ణం పెట్టుకున్నాను.

వాళ్ళు తిరిగొచ్చేలోపే వానొచ్చింది. పెద్ద వాన. వీధిలో నీళ్ళు కదిలి పడమటికి పారాయి. గ్రిల్‌కి పూలు అడ్డం పడితే తీసెయ్యాలని వాచ్‌మన్ చీపురు పట్టుకొచ్చాడు. ఆగు బాబూ అని గొడుగు వేసుకుని నేనూ వెళ్ళి అక్కడ నిలబడ్డాను. పేలాలు ముందు వెళ్ళిపోయాయి. బంతిపూలు గ్రిల్ దగ్గర గుంపుగా ఆగి, పక్కకి తిరిగి, ఒక్కొక్కటే అవతలికి జారిపోయాయి.